వెనుక బ్రేకులు అరిగాయి: మొత్తం మార్చాలా, కొంత మారిస్తే సరిపోతుందా?

కారును సర్వీసుకు ఇచ్చినప్పుడు "వెనుక బ్రేకులు అరిగిపోయాయి, మొత్తం మార్చేయాలి" అన్న మాట ఏదో ఒకనాడు వినవలసి వస్తుంది. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. అరిగాయన్నది కొలిచి తేల్చగల సంగతి. మొత్తం మార్చాలన్నది ఆ కొలతలను బట్టి తీసుకోవలసిన నిర్ణయం. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కానక్కరలేదు. అలాగే ప్యాడ్లు ఇంకా మందంగా ఉన్నంత మాత్రాన మిగతా భాగాలన్నీ బాగున్నట్టూ కాదు. ఎంత అరిగిందన్నది ఎప్పుడు మార్చాలో చెబుతుంది, ఎలా అరిగిందన్నది ఏయే భాగాలు మార్చాలో చెబుతుంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ రెండో ప్రశ్న దగ్గరే కాబట్టి, ఈ మార్గదర్శిలో దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

"మొత్తం" అన్న మాటలో ఏమేమి ఉన్నాయి?

వెనుక చక్రాలకు డిస్కు బ్రేకులైనా ఉంటాయి, డ్రమ్ము బ్రేకులైనా ఉంటాయి. డిస్కు బ్రేకులో చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని క్యాలిపర్ అనే పట్టకారు రెండు ప్యాడ్లతో ఇరువైపుల నుంచీ నొక్కుతుంది. డ్రమ్ము బ్రేకులో తిరిగే గిన్నె వంటి డ్రమ్ములోపల రెండు షూలు బయటికి విచ్చుకుని దాని లోగోడను ఒరుసుకుంటాయి. ఆ షూలను నెట్టేది వీల్ సిలిండర్. ఈ రెండింటిలోనూ ప్యాడ్లు, షూలు అరగడానికే తయారైన భాగాలు. డిస్కు, డ్రమ్ము కూడా అరుగుతాయి గానీ చాలా నెమ్మదిగా. క్యాలిపర్, వీల్ సిలిండర్, రబ్బరు గొట్టాలు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్ళు అరిగేవి కావు, కాలక్రమంలో చెడిపోయేవి.

కాబట్టి పనిలో మెట్లు ఉన్నాయి. శుభ్రం చేసి, కదిలే చోట్ల గ్రీజు పెట్టి, సర్దుబాటు చేసి వదిలేయడం మొదటి మెట్టు. ప్యాడ్లు లేదా షూలు మాత్రమే మార్చడం రెండోది. వాటితో పాటు డిస్కులు లేదా డ్రమ్ములు కూడా మార్చడం మూడోది. క్యాలిపర్లు, సిలిండర్లు, గొట్టాలు, స్ప్రింగులతో సహా అన్నీ మార్చడం చివరిది. మెకానిక్ "మొత్తం" అన్నప్పుడు ఏ మెట్టు గురించి మాట్లాడుతున్నారో ముందుగా అడిగి తెలుసుకోవాలి. చాలామంది మూడో మెట్టును ఉద్దేశించి ఆ మాట వాడతారు, వినేవారు చివరి మెట్టనుకుని కంగారు పడతారు.

వెనుక బ్రేకుల తీరు ముందు బ్రేకుల వంటిది కాదు

బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే పనిలో సగానికి మించిన వాటా, సుమారు 60 నుంచి 70 శాతం, ముందు చక్రాలదే. వెనుకవి తక్కువ పని చేస్తాయి, అందువల్ల నెమ్మదిగా అరుగుతాయి అన్నది పాత కార్ల విషయంలో నిజమే. అయితే ఇప్పటి కార్లలో ముందూ వెనుకా ఒత్తిడిని పంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉంటుంది. అది చిన్నపాటి బ్రేకింగ్‌లో వెనుక చక్రాలకు ఎక్కువ పని అప్పగిస్తుంది. కారు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోలు, ముందున్న వాహనానికి తగ్గట్టు వేగాన్ని తగ్గించే క్రూయిజ్ కంట్రోలు కూడా డ్రైవరు కాలు పెట్టకుండానే బ్రేకులను వాడుకుంటాయి. అందుచేత కొన్ని కార్లలో వెనుక ప్యాడ్లు ముందువాటికన్నా త్వరగా అయిపోవడం వింతేమీ కాదు, లోపమూ కాదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది బ్యాటరీ కార్ల, హైబ్రిడ్ కార్ల పరిస్థితి. వాటిలో వేగాన్ని తగ్గించే పని చాలావరకు మోటారే చేసి, ఆ శక్తిని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. బ్రేకులకు పని ఉండదు, పని లేని ఇనుముకు తుప్పు పడుతుంది. ప్యాడ్లు కొత్తవాటిలా మందంగా ఉండి, డిస్కులు మాత్రం తుప్పు గుంటలతో పాడైపోయిన బ్యాటరీ కార్లు ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3 కారుకు వెనుక డ్రమ్ము బ్రేకులనే ఎంచుకోవడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి: డ్రమ్ములోపలి భాగం నీటికీ మట్టికీ దూరంగా మూసి ఉంటుంది.

చక్రం విప్పకముందే గమనించవలసినవి

ముందుగా చెవులకు పని పెట్టాలి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుక బిగించి ఉంటుంది. లైనింగ్ (ప్యాడ్ మీద ఒరుసుకుని అరిగే పొర) సుమారు 2 మి.మీ.కు అరిగేసరికి అది డిస్కును తాకి సన్నని కీచుమనే శబ్దం చేస్తుంది. ఆ శబ్దం వస్తే ప్యాడ్ల కాలం తీరిందని అర్థం, అంతేగాని డిస్కు పోయిందని కాదు. ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చి ఆగిపోయే శబ్దం రాత్రి తేమకు పట్టిన పైపై తుప్పుది, దానితో పేచీ లేదు. ఇనుము ఇనుమును గీస్తున్నట్టు గరగరమనే శబ్దం వస్తే మాత్రం లైనింగ్ పూర్తిగా అయిపోయి వెనుక రేకు డిస్కును కోస్తున్నట్టే. అటువంటి కారును నడపకూడదు, ఆ డిస్కు మిగులుతుందన్న ఆశ కూడా పెట్టుకోకూడదు.

తర్వాత అదురు. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే అనుమానం సాధారణంగా ముందు చక్రాల మీదికి పోతుంది; సీటు, నేల అదిరితే వెనుక చక్రాల మీదికి పోతుంది. లివరుతో లాగే హ్యాండ్‌బ్రేక్ ఉన్న కారులో దీన్ని నిర్ధారించుకోవచ్చు. ముందూ వెనుకా వాహనాలు లేని పొడి రోడ్డు మీద, తిన్నని దారిలో, గంటకు 30 కిలోమీటర్లకు మించని వేగంలో, లివరు బొత్తాన్ని నొక్కి పట్టుకునే హ్యాండ్‌బ్రేక్‌ను మెల్లగా లాగాలి. అదురు అప్పుడూ వస్తే లోపం వెనుకే ఉంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న కారులోనూ, హ్యాండ్‌బ్రేక్‌కు విడిగా షూలు ఉన్న కారులోనూ ఈ పరీక్ష పనికిరాదు.

వేడి మరో ఆనవాలు. బ్రేకును తక్కువగా వాడుతూ కొంతదూరం నడిపి ఆపాక, వెనుక రెండు చక్రాల రిమ్ముల దగ్గరికి చేయి తీసుకువెళ్ళి, తాకకుండానే వేడిని పోల్చాలి. ఒకటి చల్లగా, రెండోది సెగలు కక్కుతూ ఉంటే ఆ వైపు బ్రేకు పూర్తిగా వదలడం లేదు. హ్యాండ్‌బ్రేక్ లివరు మునుపటికన్నా బాగా పైకి లేవడం, బ్రేక్ పెడల్ లోతుకు వెళ్ళడం కూడా గుర్తుపెట్టుకోవాలి. డ్రమ్ము బ్రేకులున్న కారులో ఈ రెండూ కలిసి వస్తే లైనింగ్ అరిగిందన్నా అనుకోవాలి, షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే సర్దుబాటు మర బిగుసుకుపోయిందన్నా అనుకోవాలి.

ఇక బ్రేక్ ఆయిల్ డబ్బా. ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్‌లో వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది కాబట్టి మట్టం కొద్దికొద్దిగా తగ్గడం సహజం. తగ్గిందని తొందరపడి నింపితే ఒక నష్టం ఉంది: ప్యాడ్ల అరుగుదలను చూపించే ఉచితమైన కొలమానాన్ని చేజేతులా చెరిపేసుకున్నట్టవుతుంది. మట్టం అకస్మాత్తుగా పడిపోతే మాత్రం అది అరుగుదల కాదు, ఎక్కడో కారుతోంది.

కారును ఎత్తే ముందు

సమతలంగా, గట్టిగా ఉన్న నేల మీద కారు నిలిపి, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి. గేరు మొదటిదానిలోగాని, ఆటోమేటిక్ అయితే పార్కులోగాని ఉంచాలి. వెనుక డ్రమ్ము విప్పాలంటే హ్యాండ్‌బ్రేక్ వదలవలసి ఉంటుంది కాబట్టి, ఆ దిమ్మలే కారును ఆపేవి. వాటి విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. చక్రం నట్లను నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, జాకీతో ఎత్తి, తప్పనిసరిగా జాక్ స్టాండ్ మీద నిలపాలి. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే, దాని భరోసాతో కారు కింద చేయి పెట్టకూడదు.

బ్రేకు ధూళిని గాలితో ఊదకూడదు, పొడి గుడ్డతో దులపకూడదు. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఇప్పటి ధూళి కూడా ఊపిరితిత్తులకు మంచిదేమీ కాదు. బ్రేక్ క్లీనర్ చల్లి, తడిగా ఉండగా తుడవాలి.

డిస్కు బ్రేకు: ముందు ప్యాడ్లు

రిమ్ము సందుల్లోంచి బయటి ప్యాడ్ కనిపిస్తుంది. దాన్ని చూసి "ఇంకా చాలా ఉంది" అని తేల్చేయడం చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే ఎక్కువ కార్లలో త్వరగా అరిగేది లోపలి ప్యాడ్. చక్రం విప్పి రెండింటినీ చూడాలి. లైనింగ్‌ను మాత్రమే కొలవాలి. దాని వెనుకనున్న ఇనుప రేకు చాలా కార్లలో సుమారు 5 మి.మీ. మందం ఉంటుంది, దాన్ని కలిపి కొలిస్తే అయిపోయిన ప్యాడ్ కూడా సగం మిగిలినట్టు కనిపిస్తుంది. కొత్త లైనింగ్ మందం కారును బట్టి 8 నుంచి 12 మి.మీ. మధ్య ఉంటుంది. తయారీదారులు తరచుగా ఇచ్చే కనీస హద్దు 2 మి.మీ. అయినా, 3 మి.మీ.కు చేరగానే మార్చడం తెలివైన పని. లైనింగ్ పలచబడేకొద్దీ వేడి పిస్టన్ వైపు, ఆయిల్ వైపు త్వరగా పాకుతుంది.

మిగిలిన ఆయుష్షును లెక్కగట్టవచ్చు. కొత్తప్పుడు 10 మి.మీ. ఉన్న ప్యాడ్ 48,000 కిలోమీటర్లకు 5 మి.మీ. అయిందనుకుందాం. అంటే ఒక మిల్లీమీటరు సుమారు 9,600 కిలోమీటర్లకు అరిగింది. 3 మి.మీ. దగ్గర మార్చాలనుకుంటే ఇంకా 19,000 కిలోమీటర్ల పైచిలుకు నడపవచ్చు. తర్వాతి సర్వీసు ఆలోపే వస్తుందంటే ఈసారికి శుభ్రం చేసి, గ్రీజు పెట్టి వదిలేయడమే సరైన నిర్ణయం.

ఇప్పుడు అరిగిన తీరు చూడాలి. నాలుగు ప్యాడ్లు దాదాపు సమానంగా, లోపలివి కొంచెం ఎక్కువగా అరిగి ఉంటే క్యాలిపర్లు ఆరోగ్యంగా ఉన్నాయి, ప్యాడ్లు మారిస్తే చాలు. లోపలిది చాలా పలచబడి బయటిది మందంగా ఉంటే పిస్టన్ వెనక్కి సరిగా జరగడం లేదన్నా అనుకోవాలి, క్యాలిపర్ జారవలసిన గైడ్ పిన్నులు పట్టేశాయన్నా అనుకోవాలి. బయటిది ఎక్కువ అరిగితే అనుమానమంతా గైడ్ పిన్నుల మీదే. ఒకే ప్యాడ్ ఒక చివర పలచగా, మరో చివర మందంగా ఏటవాలుగా అరిగితే గైడ్ పిన్నులు గాని, ప్యాడ్ కూర్చునే గాడిలో తుప్పు గాని కారణం. ఎడమ చక్రం ప్యాడ్లు రెండూ అరిగిపోయి కుడివైపువి బాగుంటే, ఎడమ క్యాలిపర్ వదలడం లేదో, కుడిది పని చేయడం లేదో విడిగా చూడాలి.

ఇక్కడే అసలు తేడా వస్తుంది. పట్టేసిన పిన్నును వదిలేసి కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా అదే తీరుగా, పాతవాటికన్నా త్వరగా అరిగిపోతాయి. అయితే పిన్ను పట్టేసిందంటే క్యాలిపరే పోయిందని కాదు. పిన్నులను బయటికి లాగి, తుడిచి, గుంటలు పడకపోతే బ్రేకులకు తగిన సిలికాన్ లేదా సింథటిక్ గ్రీజు పూసి పెడితే చాలాసార్లు సరిపోతుంది. చిరిగిన రబ్బరు తొడుగులు విడిగా దొరుకుతాయి. మామూలు పెట్రోలియం గ్రీజు మాత్రం వాడకూడదు, అది ఆ రబ్బరును ఉబ్బించి పిన్నును మళ్ళీ బిగిస్తుంది. పిస్టన్ చుట్టూ ఉన్న తొడుగు చిరిగి లోపల తుప్పు కనిపించినా, ఆయిల్ చెమ్మ కనిపించినా, సరైన పనిముట్టుతో కూడా పిస్టన్ వెనక్కి వెళ్ళకపోయినా అప్పుడు క్యాలిపర్ మార్చే మాట ఎత్తాలి.

సరైన పనిముట్టు అని ఊరికే అనలేదు. హ్యాండ్‌బ్రేక్ కేబులు తగిలించి ఉన్న వెనుక క్యాలిపర్లలో పిస్టన్ సాధారణంగా మరను బిగించినట్టు తిప్పుతూ నొక్కితేనే వెనక్కి పోతుంది. ముందు క్యాలిపర్‌కు వాడే బిగింపు పట్టీతో బలవంతంగా నొక్కితే లోపలి యంత్రాంగం విరుగుతుంది. మంచి క్యాలిపర్‌ను ఇలా పాడు చేసి, "ఇది కూడా పట్టేసింది" అని తేల్చడం అరుదైన సంగతి కాదు. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే ముందుగా స్కానరుతోనో, కారు మాన్యువల్లో చెప్పిన క్రమంలోనో దాన్ని సర్వీస్ స్థితిలోకి తేవాలి. ఆ పని చేయకుండా క్యాలిపర్ విప్పకూడదు. హ్యాండ్‌బ్రేక్‌ను బిగించే మోటారు వేళ్ళను నలిపేయగలదు.

తర్వాత డిస్కు

డిస్కు అంచు మీదగాని, మధ్య భాగం మీదగాని కనీస మందం అంకె అచ్చుపోసి ఉంటుంది. తుప్పు తుడిస్తే కనిపిస్తుంది. లేకపోతే మాన్యువల్లో ఉంటుంది. ఈ అంకె ప్రతి కారుకూ వేరు, ఊహించకూడదు. కొలవడానికి మైక్రోమీటరు వాడాలి. మామూలు వెర్నియర్ దవడలు అంచున అరగకుండా మిగిలిన గట్టు మీద కూర్చుని, డిస్కు ఉన్నదానికన్నా మందంగా ఉన్నట్టు చూపిస్తాయి. అంచు నుంచి సుమారు 10 మి.మీ. లోపలికి, చుట్టూ కనీసం నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ అంకెను తీసుకోవాలి. చోటుకీ చోటుకీ మధ్య 0.02 మి.మీ. తేడా వచ్చినా పెడల్ అదరడానికి చాలు. "డిస్కు వంకరపోయింది" అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది వంపు కాదు, ఈ మందం తేడానే. ఒక్కోసారి డిస్కుకూ, అది కూర్చునే హబ్బుకూ (చక్రం మధ్య భాగానికీ) మధ్య ఇరుక్కున్న తుప్పు పొర కూడా కారణమవుతుంది. డిస్కు మార్చే ముందు ఆ పొరను గీకి చూడడం ఖర్చు లేని పని.

డిస్కు మందం కనీస హద్దుకు పైనే ఉంది కాబట్టి బాగున్నట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. ఒక ఉదాహరణ చూద్దాం. కొత్తప్పుడు 9 మి.మీ. ఉన్న డిస్కుకు కనీస హద్దు 7.5 మి.మీ. అనుకుందాం. మొదటి జత ప్యాడ్లు అయిపోయేసరికి అది 8.1 మి.మీ.కు వచ్చింది. హద్దు ఇంకా 0.6 మి.మీ. దూరంలో ఉంది, నిజమే. అయితే మొదటి జత 0.9 మి.మీ. తిన్నది, రెండో జత కూడా అంతే తింటే అది అయిపోయేలోపు డిస్కు 7.2 మి.మీ.కు దిగిపోతుంది. అంటే కొత్త ప్యాడ్లు సగం దాటిన కొంతకాలానికే డిస్కు హద్దు దాటుతుంది, అప్పుడు మంచి ప్యాడ్లను కూడా తీసి పారేయవలసి వస్తుంది. ఇలాంటప్పుడు ప్యాడ్లతో పాటే డిస్కులు మార్చడం లాభం. అదే డిస్కు 8.6 మి.మీ. ఉండి ఉంటే, రెండో జత ప్యాడ్లను నిశ్చింతగా మోసేది. అడగవలసిన ప్రశ్న "డిస్కు హద్దు దాటిందా?" కాదు, "రాబోయే ప్యాడ్లు అయిపోయేదాకా హద్దులో ఉంటుందా?" అన్నది.

మందం సరిపోయినా డిస్కును మార్చవలసిన సందర్భాలు ఉన్నాయి. అంచు దాకా పాకిన పగులు ఉంటే ఇంకేమీ ఆలోచించనక్కరలేదు. వేలిగోరు తట్టుకుని ఆగిపోయేంత లోతైన గీతలు, ప్యాడ్ ఒరుసుకునే దారిలో తుప్పు తిన్న గుంటలు, ఒక పట్టీ మాత్రమే మెరుస్తూ మిగతాదంతా ఎర్రగా ఉండటం, అక్కడక్కడా నీలి మచ్చలు, ఇవన్నీ కొత్త ప్యాడ్లను సరిగా కూర్చోనివ్వవు. వీటిలో పట్టీ గుర్తు వెనుక డిస్కుల్లో తరచుగా కనిపిస్తుంది, ముఖ్యంగా లోపలి ముఖం మీద. బయటి ముఖం అద్దంలా ఉండి లోపలిది తుప్పు తిని ఉండవచ్చు, కాబట్టి అద్దం పెట్టయినా లోపలి వైపు చూడాలి. సన్నని గీతలు, వర్షం తర్వాత పట్టే నారింజ రంగు తుప్పు లెక్కలోకి రావు. లేత్ మీద తిప్పి చదును చేయించడం ఒక మార్గమే గానీ, వెనుక డిస్కులు సాధారణంగా పలచనివి. చదును చేశాక కూడా హద్దుకు పైన మిగిలి, పైగా ఒక జత ప్యాడ్లకు సరిపడా మందం ఉండాలి. అంత మిగిలే వెనుక డిస్కులు తక్కువ.

కొన్ని కార్లలో వెనుక డిస్కులోనే చక్రం బేరింగు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సరు చదివే వలయం అమర్చి ఉంటాయి. అక్కడ డిస్కు మార్చడమంటే బేరింగు కూడా మార్చడమే కాబట్టి, భాగం తెప్పించే ముందే ఈ సంగతి తెలుసుకోవాలి.

మరికొన్నిటిలో డిస్కు మధ్య గిన్నె లోపల హ్యాండ్‌బ్రేక్ కోసం చిన్న షూలు విడిగా ఉంటాయి. ఆగి ఉన్న కారును పట్టుకోవడమే వీటి పని కాబట్టి దాదాపు అరగవు, కాని తుప్పు వల్ల లైనింగ్ రేకు నుంచి ఊడివస్తుంది. డిస్కు తీసినప్పుడు వీటిని చూడకపోతే మళ్ళీ అంతా విప్పవలసి వస్తుంది.

డ్రమ్ము బ్రేకు

డ్రమ్ము ఊడిరాకపోతే సుత్తితో బాదడం మొదటి ఉపాయం కాకూడదు. చాలా డ్రమ్ములకు మరలున్న రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి; వాటిలో సరిపోయే బోల్టులు వేసి సమానంగా బిగిస్తే డ్రమ్ము తనంతట తానే బయటికి నెట్టుకువస్తుంది. అప్పటికీ రాకపోతే, లోపల అరిగి ఏర్పడిన గట్టుకు షూలు తగులుకుని ఉంటాయి. షూలు బిగించి ఉన్న వెనుక రేకు పళ్ళెంలోని రంధ్రం గుండా సర్దుబాటు మరను వెనక్కి తిప్పి షూలను దగ్గరికి తేవాలి. ఆ గట్టు అంత పెద్దదిగా ఉందంటే డ్రమ్ము మీద అనుమానం అప్పుడే మొదలు కావాలి.

షూ లైనింగ్ కొత్తప్పుడే పలచన, సుమారు 4 నుంచి 5 మి.మీ. ఉంటుంది. అందుకని 2 మి.మీ. మిగలడం ప్యాడ్ విషయంలో ప్రమాద ఘంటిక అయినా, షూ విషయంలో ఇంకా కొంత జీవితం మిగిలి ఉన్నట్టు. సాధారణ హద్దు 1 మి.మీ.; రివెట్లతో బిగించిన లైనింగ్ అయితే రివెట్టు తల నుంచి కొలవాలి, రేకు నుంచి కాదు. రెండు షూలు ఒకే రకంగా అరగవు. చిన్న, మధ్యతరహా కార్లలో ఎక్కువగా ఉండే అమరికలో, చక్రం ముందుకు తిరిగే దిశలో డ్రమ్ము తనవైపు లాక్కునే షూ ఎక్కువ అరుగుతుంది. ఆ తేడా లోపం కాదు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య తేడా ఉంటేనే కారణం వెతకాలి.

డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చుపోసి ఉంటుంది. అరిగేకొద్దీ డ్రమ్ము లోపలి వ్యాసం పెరుగుతుంది కాబట్టి ఇక్కడ హద్దు పైన ఉంటుంది. కొత్త కొలతకూ గరిష్ఠానికీ మధ్య తేడా ఎక్కువగా 1 నుంచి 2 మి.మీ. మాత్రమే. ఒకదానికొకటి లంబంగా రెండు దిశల్లో కొలవాలి. ఆ రెండూ సమానంగా లేకపోతే డ్రమ్ము గుండ్రదనం తప్పింది. డిస్కు దగ్గర చేసిన లెక్కే ఇక్కడా చేయాలి. నిజానికి డ్రమ్ములు ఓర్పు గలవి. రెండు మూడు జతల షూలను మోయడం వాటికి మామూలే. షూలు మార్చిన ప్రతిసారీ డ్రమ్ములు మార్చాలన్న మాటను కొలత చూపించకుండా నమ్మనక్కరలేదు.

షూల మీద నూనె మరక కనిపిస్తే, లైనింగ్ ఎంత మందంగా ఉన్నా రెండు వైపులా మార్చాలి. ఎమరీ కాగితంతో రుద్దినా, క్లీనర్‌తో కడిగినా లోపలికి ఇంకినది పోదు. అంతకన్నా ముఖ్యం, ఆ నూనె ఎక్కడిదో తేల్చాలి. వీల్ సిలిండర్ చివరల రబ్బరు తొడుగును కొంచెం ఎత్తి చూస్తే లోపల లేత చెమ్మ ఉండవచ్చు. ఆయిల్ బయటికి జారితే సిలిండర్ పోయింది. వెనుక చక్రాలు నడిపే కార్లలో యాక్సిల్ సీలు కారి గేర్ ఆయిల్ కూడా రావచ్చు. అది చిక్కగా, ఘాటైన వాసనతో ఉంటుంది కాబట్టి తేడా తెలుస్తుంది. ఇది పట్టించుకోకుండా షూలు మాత్రం మారిస్తే కొత్తవీ కొద్ది రోజుల్లో తడిసిపోతాయి.

లైనింగ్ మెరుస్తూ గాజులా గట్టిపడి ఉన్నా, మందం చాలినంత ఉంటే, ఎమరీ కాగితంతో పైపొర తీసి సర్దుబాటు చేయవచ్చు. రేకు నుంచి విడిపోతున్నా, పగిలినా మార్చవలసిందే. షూలు మార్చేటప్పుడు స్ప్రింగులు కూడా కొత్తవి వేయడం మంచిది. వేడికి సడలిన స్ప్రింగు షూను వెనక్కి లాగలేదు. సర్దుబాటు మరను విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, వేళ్ళతో తిరుగుతోందో లేదో చూడాలి. పెడల్ లోతుకు పోవడం, హ్యాండ్‌బ్రేక్ పైకి లేవడం అనే రెండు ఫిర్యాదులూ ఈ ఒక్క మర తిరగకపోవడం వల్లే రావచ్చు, అలాంటప్పుడు మార్చవలసిన భాగమే ఉండకపోవచ్చు.

గొట్టాలు, ఆయిల్

రబ్బరు గొట్టాన్ని వంచి చూసినప్పుడు పగుళ్ళు కనిపించినా, పెడల్ నొక్కించినప్పుడు ఉబ్బినా మార్చాలి. పైకి బాగున్న గొట్టం లోపల మూసుకుపోయి, ఆయిల్‌ను వెళ్ళనిచ్చి వెనక్కి రానివ్వకపోవచ్చు కూడా. అప్పుడు ఆ చక్రం బ్రేకు పట్టే ఉంటుంది, నింద క్యాలిపర్ మీద పడుతుంది. పట్టేసిన స్థితిలో క్యాలిపర్ గాలి తీసే మరను కొంచెం వదులు చేస్తే ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే వదిలిందా, తప్పు గొట్టానిదో అంతకు పైదానిదో. వదలలేదా, క్యాలిపర్‌దో హ్యాండ్‌బ్రేక్ కేబులుదో.

బ్రేక్ ఆయిల్ అని అందరూ అంటున్నా అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకపు కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. రెండేళ్ళకొకసారి మార్చాలన్న సలహా అందుకే. సిలికాన్‌తో చేసే డాట్ 5 ఈ గ్లైకాల్ ద్రవాలతో కలవదు.

తేల్చుకోవడం

సమాన అరుగుదల, రాబోయే జతకు సరిపడా డిస్కు లేదా డ్రమ్ము, పొడిగా ఉన్న సిలిండర్లు, స్వేచ్ఛగా జారే పిన్నులు ఉంటే ప్యాడ్లు లేదా షూలు చాలు. డిస్కు మందం గాని ఉపరితలం గాని చాలకపోతే రెండు వైపులా డిస్కులు, వాటితో పాటు కొత్త ప్యాడ్లు తప్పవు. పాత ప్యాడ్లు పాత డిస్కు గీతలకు అనుగుణంగా అరిగి ఉంటాయి కాబట్టి కొత్త డిస్కు మీద వాటిని వేయకూడదు. ప్యాడ్లు, షూలు, డిస్కులు, డ్రమ్ములు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. క్యాలిపర్ విషయంలో ఈ నియమాన్ని అంత కఠినంగా పాటించనక్కరలేదని నా అభిప్రాయం. ఒకటి పాడై రెండోది నిజంగా బాగుంటే ఒక్కదాన్ని మార్చవచ్చు. వీల్ సిలిండర్లు మాత్రం ఒకటి కారితే రెండోదీ అదే వయసుది కాబట్టి, డ్రమ్ము ఎలాగూ విప్పారు కాబట్టి, రెండూ మార్చడమే మేలు.

చివరి మెట్టు, అంటే అన్నీ మార్చడం, నిజంగా అవసరమయ్యేది కారు నెలల తరబడి కదలకుండా తడిలో నిలిచిపోయినప్పుడు, వరద నీటిలో మునిగినప్పుడు, లేదా ప్యాడ్ రేకు డిస్కును కోసేదాకా నడిపి పిస్టన్ హద్దు దాటి బయటికి వచ్చినప్పుడు. ఈ మూడూ కాని సందర్భంలో ఎవరైనా అన్నీ మార్చాలంటే, ఏ భాగం ఏ కొలతలో తప్పిందో అడగాలి. కొలిచినవారు చెప్పగలరు.

మార్చిన తర్వాత

ఇంజను వేసి కదిలే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు నొక్కాలి. వెనక్కి నెట్టిన పిస్టన్లు ప్యాడ్ల దాకా వచ్చేవరకు మొదటి నొక్కుడుకు బ్రేకు ఉండదు. ఆయిల్ మట్టం అప్పుడు చూసి సరిచేయాలి. చక్రం నట్లను నక్షత్రం ఆకారంలో, మాన్యువల్లో చెప్పిన బిగువుకు బిగించాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50, 60 కిలోమీటర్ల నుంచి 10 దాకా పూర్తిగా ఆపకుండా మెల్లగా వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, పదిహేను సార్లు బ్రేకు వేయాలి. ఆ వేడి మీద కారును నిలిపి హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు. మొదటి 300 కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప గట్టిగా తొక్కకపోవడం మంచిది. ఆ తర్వాత మరోసారి రెండు చక్రాల వేడిని పోల్చి, హ్యాండ్‌బ్రేక్ ఎంత పైకి లేస్తోందో చూసి, ఆనాటి ప్యాడ్, డిస్కు కొలతలను కిలోమీటర్ల అంకెతో సహా సర్వీసు పుస్తకంలో రాసి ఉంచాలి. ముందు చూపించిన లెక్కకు ముడిసరుకు అదే.